గుఱ్ఱపుపిల్లను దిద్దుకొనుట



నేడు నేను చెప్పబూనినది గుఱ్ఱపుపిల్ల పొగరును గూర్చియు, దానిని దిద్దు విధమును గూర్చియు. మోటారుబండ్లు వచ్చి గుఱ్ఱములను మఱపించిన ఈ కాలమున ఈ ప్రసంగ మెందులకని కొందఱు తలపవచ్చును. హైదరాబాదు వీథులలో ఝట్కాబండ్లు కనుమఱుగైన మాట నిజమే. అయినను పెండ్లికొడుకును గుఱ్ఱముమీద నూరేగింపవలె ననువారు నేటికిని కలరు. ఆ పనిమీదనే బ్రదుకు కుటుంబములును కలవు. మహారాష్ట్రమున నాందేడు జిల్లాయందలి మాళేగాం ఖండోబా జాతరలో గుఱ్ఱముల సంత జరుగును. అట్టి సంతలనుండి రెండుమూడేండ్ల పిల్లను బేరమాడి తెచ్చుకొని, దానిని నమ్ముకొని జీవింపదలచు పడుచువాండ్రు మన పల్లెలలోను నున్నారు.

తెచ్చిన నెల తిరుగక మున్నే కథ మాఱును. అది దాణా పెట్టవచ్చిన చేతిని కఱచును. వెనుకగా పోయిన పిల్లవానిమీద కాలు విసరును. డప్పు వినబడినంతనే ముంగాళ్లెత్తి నిలుచును. అప్పుడు మాట రచ్చబండకు వచ్చును. దీని సుళ్లు మంచివి కావు, పుట్టుకయే చెడ్డదని యొకరందురు. నాలుగు తగిలించినచో దారికి వచ్చునని మఱియొకరందురు. పెద్దలైన మీరు చెప్పు మాటమీద మువ్వుర మేలు ఆధారపడి యున్నది: అప్పుచేసి కొన్న గృహస్థునిది, దాని ప్రక్కన నడచు పిల్లలది, నోరులేని యా జీవముది. ఒకమాఱు చెడ్డదని పేరు పడిన గుఱ్ఱము చేతులు మాఱి చేతులు మాఱి, పోయిన ప్రతిచోటను దెబ్బలు తిని, మునుపటికంటె చెడ్డదగుచు పోవును. కావున తీర్పు చెప్పక ముందు కొంత విచారణ యవసరము.

మన పూర్వులు ఈ విద్యను చిన్నచూపు చూడలేదు. శాలిహోత్రుని పేరను, నకులుని పేరను సంస్కృతమున అశ్వశాస్త్రములు ప్రసిద్ధములై యున్నవి. తెనుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించెను. పాండవులు విరాటుని కొలువున తలదాచుకొన్నప్పుడు నకులుడు దామగ్రంథియను పేర రాజుగారి గుఱ్ఱములను చూచుకొనుట మీ రెఱిగినదే. కఠోపనిషత్తు ఇంద్రియములను గుఱ్ఱములతోను, మనస్సును పగ్గముతోను, బుద్ధిని సారథితోను పోల్చినది. సారథి స్థిరుడు కానిచో గుఱ్ఱములు దారి తప్పునని దాని తాత్పర్యము. ఆ పోలికను తిరుగవేసి చూడుడు: గుఱ్ఱము దారి తప్పినప్పుడు ముందుగా సారథిని పరీక్షింపవలెనని తేలును.

మఱియొక ముచ్చట. నేడు మనము పదునైదు, పదునాఱేండ్ల బాలుని కిశోరుడనుచున్నాము. అమరకోశమున నాశబ్దమునకు గుఱ్ఱపుపిల్ల యని యర్థము. ముప్పది సంవత్సరములకు మించి కిశోరులకు పాఠములు చెప్పిన నాకు ఈ యర్థము మిక్కిలి తగినదిగా తోచును. ఇద్దఱికిని బలము ముందు వచ్చును, వివేకము పిదప వచ్చును. ఇద్దఱికిని అన్యాయమైన దెబ్బ చిరకాలము గుర్తుండును.

ఇక పొగరునకు కారణములు. మొదటిది నొప్పి. గుఱ్ఱమునకు రెండున్నరయేండ్ల ప్రాయమున ముందటి పాలపండ్లు ఊడనారంభించును. ఐదేండ్లకు గాని నోరు నిండదు. చిగుళ్లు వాచియున్న ఆ దినములలో నోట ఇనుపకళ్లెము వేసి లాగినచో అది తల విసరక యేమి చేయును? జీను ఒరసిన వీపు, బిగువైన వార, సరిగా దిగని లాడము, ఇవియు నిట్టివే. ఎముకలమాట యొకటి. కాళ్ల క్రిందిభాగపు ఎముకలు ముందుగా గట్టిపడినను వెన్నెముక గట్టిపడుటకు ఐదాఱేండ్లు పట్టును. ఇది తెలియక రెండేండ్ల పిల్లపై నిండుమనిషిని ఎక్కించి, అది కూలబడినచో మొండితనమనుట న్యాయము కాదు.

రెండవది భయము. గుఱ్ఱము పచ్చిక మేసి పరుగుచే ప్రాణము కాపాడుకొను జాతి. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచేత సుమారు 350 డిగ్రీలమేర, అనగా దాదాపు చుట్టును, చూడగలదు. నొసటికి సూటిగా నెదుటను, తోకకు వెనుకను కొంతచోటు మాత్రము దానికి కానరాదు. ఆ కానరాని చోటునుండి చప్పుడు చేయక వచ్చి తట్టినవానిని అది తన్నినచో, పులియని తన్నినదిగాని మనిషియని కాదు. అలెగ్జాండరు చిన్ననాటి కథ మీరు వినియుందురు. ఎవరికిని లొంగని గుఱ్ఱము తన నీడను చూచి బెదరుచున్నదని ఆ బాలుడు గ్రహించి, దాని ముఖమును సూర్యునివైపు త్రిప్పి ఎక్కెనని ప్లూటార్కను గ్రీకు చరిత్రకారుడు వ్రాసినాడు. పెద్దలందఱు పొగరును చూచిరి. అతడు కారణమును చూచెను.

మూడవది తిండికిని పనికిని పొత్తు లేకుండుట. గుఱ్ఱముపొట్ట చిన్నది, దినమున పదునాఱు గంటలవఱకు కొంచెము కొంచెముగా మేయుట దాని ప్రకృతి. ఎండుగడ్డి తగ్గించి, శనగలును ఉలవలును దోసిళ్లకొలది పెట్టి, కొట్టమున కట్టియుంచినచో ఆ బలమంతయు కాళ్లలోనికి దిగును. విశ్రాంతి దినమునకూడ పూర్తి దాణా తిన్న గుఱ్ఱము మఱునాడు పనికి కట్టినప్పుడు కండరములు బిగుసుకొని కదలలేకపోవుటయు కలదు. పాశ్చాత్యులు ఆదివారపు సెలవు తరువాత దీనిని చూచి సోమవారపు రోగమని పేరు పెట్టిరి.

నాలుగవది, అన్నిటికంటె తఱచైనది, మనము తెలియక నేర్పిన పాఠము. ముద్దుకు బెల్లపుముక్క చేతితో పెట్టుదుము. నాలుగుదినములకు బెల్లములేని చేతిని అది కఱచును. గిట్ట ఎత్తబోగా కాలు విసరును. మనము వెనుకకు తగ్గుదుము. అప్పుడు దానికి తెలిసినదేమి? కాలు విసరినచో మనిషి పోవునని. మఱునాడు మఱింత గట్టిగా విసరును. అది పొగరు కాదు, నేర్చిన పాఠమును ఒప్పజెప్పుట.

ఇట్టి యొక పిల్లను నేను కన్నులార చూచితిని. పంతులుద్యోగము చాలించిన పిదప హైదరాబాదున ఉస్మాన్‌గంజ్ చెంత కొన్నియేండ్లు నివసించితిని. మూసీ ఉత్తరపుగట్టున, అఫ్జల్‌గంజ్, బేగంబజారుల పొరుగున, టోకు వర్తకమునకు పేరుపడిన పేట యది. బస్తాల బరువున వంగిన హమాలీలు, తోపుడుబండ్లు, లారీలు, మిరపఘాటు, కేకలు, వీనినడుమ కాలు మోపుటకే చోటుండదు. ఆ ప్రక్కసందులో పెండ్లిగుఱ్ఱములను ఉంచు కొట్టమొకటి యుండెను. అచ్చటి వృద్ధుడైన సాయీసు మూడేండ్ల మగపిల్ల నొకదానిని చవుకగా తెచ్చెను. చవుక కెందులకు దొరికినదో ఆ సాయంకాలమే తెలిసినది. ఒక హమాలీ ఖాళీ గోనెసంచిని భుజముమీదికి విసరికొనగా అది త్రాడు తెంపుకొని సందులో పరుగెత్తినది. గోడకు అంటుకొని నిలిచిన చిన్నపిల్ల కొక జానెడు దూరమున దాని గిట్టలు పోయినవి. ఇరుగుపొరుగువారు దానిని ఆ రాత్రియే అమ్మివేయుమని పట్టుపట్టిరి.

వృద్ధు డందఱి మాటలును విని, తన ఉర్దూ కలిసిన తెనుగున నాతో ఇట్లనెను: "పంతులుగారూ, దీనికి మనుష్యులనిన భయము లేదు. సంచి యనిన భయము. ఎవరో సంచి కప్పి కొట్టినారు. అమ్మివేయవచ్చును గాని, కొన్నవాని వీథిలోను పిల్లలుందురు గదా."

ఆ మాటలోనే న్యాయమున్నది. తన వాకిటి యాపదను ఇతరుల వాకిటికి పంపుట పరిష్కారము కాదని అతని భావము. మఱునాటినుండి అతడు చేసినపని నేను దినదినమును చూచితిని. అంగడులు తెఱవకముందు, తెల్లవాఱుజామున దానిని నడిపించుకొని వచ్చెడివాడు. నలుబది అడుగుల దూరమున గోనెసంచి యొకటి నేలపై పఱచి యుంచెడివాడు. గుఱ్ఱము చెవులు నిక్కించి నిలువగానే తానును నిలిచెడివాడు, లాగడు, అదలింపడు. అది తల దించి ఒక నిట్టూర్పు విడుచువఱకు వేచియుండి, వెంటనే మఱలించుకొని పోయెడివాడు. మఱునాడు రెండడుగులు దగ్గఱగా. కొన్నివారములకు ఆ సంచిమీదనే దాణా తినెను. పిదప సంచితో దాని మెడను తుడిచెను. ఇంచుమించు మూడునెలలకు, నడిబజారున దానిప్రక్కనే బస్తా దభాలున పడినను చెవి యొకటి మాత్రము త్రిప్పి నిలిచినది.

ఇది మెత్తదనమని తలపకుడు. ఒకనాడు అదే పిల్ల అతని భుజమును కఱవబోగా, పండ్లు తగులకమున్నే "హట్" అని గద్దించి, ఱొమ్మున అఱచేతితో ఒత్తి నాలుగడుగులు వెనుకకు నడిపించెను. అది నిలువగానే గద్దింపు మానెను. మఱుక్షణమున ఏమియు జరుగనట్లు మెడ నిమిరెను. కోపము ముఖమున లేదు, కాని పట్టు సడలలేదు.

ఈ పనినుండి నాకు దొరకిన సూత్రములు మూడు. ఒకటి, దిద్దుబాటు తప్పుతో కూడ జరుగవలెను. రెండుమూడు క్షణములు దాటినచో ఎందుకు దండింపబడెనో గుఱ్ఱమునకు తెలియదు. దానికి తెలిసినది దండించిన మనిషిమాత్రమే. రెండు, దండము తప్పునకు తగినంతయే యుండవలెను. మందలో పెద్దగుఱ్ఱము అల్లరిపిల్లను దూరముగా తఱిమి, అది అణగగానే మఱల చేరనిచ్చును, పగ పట్టదు. మూడు, ఇది అన్నిటికిని మూలము: గుఱ్ఱము ఒత్తిడివలన నేర్వదు, ఒత్తిడి సడలుటవలన నేర్చును. పగ్గము లాగినప్పుడు కాదు, అది ఒక్క అడుగు వేయగానే పగ్గము వదలినప్పుడు "ఓహో, ఇదియా కావలసినది" అని గ్రహించును. అది చెప్పినట్లు చేసినను లాగుచునే యుండువాడు దానికేమియు నేర్పలేడు. ఏ క్షణమున విడువవలెనో తెలియుటయే శిక్షకుని విద్య.

ఈ సూత్రములను ఒక్కొక్క దుర్గుణమునకు అన్వయించెదను. కఱచు పిల్లకు చేతితో తినుబండారము పెట్టుట మొదట మానవలెను. దాణా తొట్టిలోనే పెట్టవలెను. మూతిమీద కొట్టరాదు. కొట్టినచో కొన్ని పిల్లలు దానిని ఆటగా తలచును, కొన్ని చేయి లేచిన చాలు తల విసరును. తన్ను పిల్లకు, పొడుగుపాటి కఱ్ఱచివర గుడ్డచుట్టి, భుజమువద్దనుండి మెల్లగా నిమురుచు వెనుకకాలివఱకు పోవలెను. అది కాలు విసరినను గుడ్డ తీయరాదు. కాలు నిలిచిన క్షణమున తీయవలెను. మొండికేసిన పిల్లను ఎదుట నిలిచి లాగినచో గెలువలేము. దాని బలము మనకు మించినది. తలను ఒక ప్రక్కకు త్రిప్పినచో నిలకడ తప్పి అడుగు వేయక తీఱదు. వేయగానే త్రాడు వదలవలెను. ముంగాళ్లెత్తి నిలుచు గుణము మిక్కిలి యపాయకరము. ముందు నోరును వీపును పశువైద్యునిచే పరీక్ష చేయించి, పిదప అనుభవశాలికే అప్పగింపవలెను. ఏ పిల్లకైనను పాఠము పావుగంట మొదలు ఇరువది నిమిషములు చాలును. ఆ నాటి పాఠము అది సరిగా చేసిన చిన్నపనితో ముగియవలెను. త్రాటిని చేతికి చుట్టుకొనరాదు. దాని వెనుక సూటిగా నిలువరాదు.

ఇంటివారందఱికిని ఒకే మాట, ఒకే కట్టుబాటు ఉండవలెను. తండ్రి కూడదన్నదానిని కొడుకు నవ్వి ఊరకున్నచో గుఱ్ఱమునకు ధర్మము తెలియదు. ఈ సంగతి బడిలోను నిజమే.

మన మనస్సులోని సంగతి గుఱ్ఱమునకు తెలియునా? దీనికి జర్మనీ దేశమునందలి చిత్రకథ యొకటి కలదు. బెర్లిను నగరమున వాన్ ఓస్టెన్ అను బడిపంతులు హాన్సు అను గుఱ్ఱమునకు లెక్కలు నేర్పెను. కూడిక యడిగినచో అది గిట్టతో సరియైన సంఖ్యలో నేలను తట్టెడిది. 1904 లో పండితులసంఘము పరీక్షించి మోసమేమియు లేదనెను. పిదప ఫుంగ్‌స్టు అను పరిశోధకుడు లోతుగా పరిశీలించి 1907 లో రహస్యమును ప్రకటించెను. గుఱ్ఱమునకు లెక్కలు రావు. సరియైన సంఖ్య వచ్చినప్పుడు అడిగినవాని తల తనకు తెలియకయే రవంత కదలును. దానిని చూచి గుఱ్ఱము ఆగును. జవాబు తెలియనివాడు అడిగినను, అడిగినవాడు కనబడకున్నను అది తప్పెడిది. మనుష్యులు చూడలేని వెండ్రుకవాసి కదలికను చూడగల జంతువు మన బిగిసిన పిడికిలిని, వణకు చేతిని చూడదా? కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదని గ్రీకుదేశపు జెనోఫను ఇంచుమించు 2400 సంవత్సరముల క్రిందటనే వ్రాసెను. బెదరిన గుఱ్ఱమును కొట్టినచో, తాను బెదరిన వస్తువే నొప్పిని కలిగించినదని అది తలచునని కూడ ఆయన హెచ్చరించినాడు. ఉస్మాన్‌గంజ్ సాయీసు ఆ పుస్తకము పేరైనను వినియుండడు. ఇద్దఱి మాటయు నొక్కటే.

చట్టముమాట చెప్పవలసియున్నది. ఊరేగింపుగుఱ్ఱము వేగముగా వశమగునని కొందఱు నోటికి ముండ్లకళ్లెము వేయుదురు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముక్రింద 1965 లో వెలువడిన భారవాహక జంతువుల నియమములు ముండ్లకళ్లెమును నిషేధించినవి. దినమునకు మొత్తము తొమ్మిది గంటలకు మించియు, విరామములేక ఐదుగంటలకు మించియు పని చేయింపరాదని ఆ నియమములే చెప్పుచున్నవి. ఎండ 37 డిగ్రీలు దాటుచోట్ల పగలు పండ్రెండునుండి మూడువఱకు పనికి కట్టరాదు. నోరు కోసికొనిపోయిన గుఱ్ఱము నిలుచుట నేర్వలేదు, నొప్పికి నిలిచినది. కళ్లెము తెగిననాడు అది నిలువదు. అప్పుడు ఎదుటనున్నది పెండ్లివారి పిల్లలు.

కావున, తగవు మీయొద్దకు వచ్చినప్పుడు ఐదు ప్రశ్నలడుగుడు. దీని వయస్సెంత, పండ్లు చూచితిరా? నోరు, వీపు, గిట్టలు వైద్యునకు చూపితిరా? ఏమి తినుచున్నది, ఎంత నడచుచున్నది? ఇంటిలో దానిని పట్టువారెవరు, అందఱిదియు నొకమాటయేనా? డప్పులు, బాణసంచా, జనసమ్మర్దము దానికి దూరమునుండి మెల్లమెల్లగా అలవాటు చేసితిరా, లేక మొదటి పెండ్లికే దింపితిరా? ఈ ఐదింటికిని జవాబు వచ్చునప్పటికి చాలవఱకు తీర్పు దానంతటదే తేలును. అంతవఱకు ఆ గుఱ్ఱమును ఊరేగింపునకు పంపవలదని చెప్పుట మీ ధర్మము. ఒక పెండ్లిరోజుల రాబడి పోవుననుట నిజమే; కాలు విఱిగిన పసివానికి ఆ రాబడి పరిహారము కాజాలదు.

శ్రమపడినను దిద్దబడని గుఱ్ఱము లసలే లేవని నేననను. కొన్నిటిని ఊరేగింపుపని మానిపించి బయలున మేపుకొనుటయే మేలు. కాని విచారింపక ముందే చెడ్డదని ముద్రవేసినచో, బాగుపడవలసిన వానికికూడ ఆ దారి మూసినవార మగుదుము. పట్టు విడువక, పగ పట్టక, తప్పునకు తగినంతయే దండించి, ఒప్పు చేయగానే పగ్గము వదలుట ఎల్లరును నేర్వదగిన విద్య. ఈ విద్య తెలిసిన వృద్ధులు మీ యూళ్లలో నింకను నుందురు. పడుచువాండ్రను వారియొద్దకు పంపుడని మనవి చేసి, ఇంతటితో సెలవు తీసికొనుచున్నాను.